టార్హేలియా పాలబండి

"...అరిగింది పాయింట్లు కాదురా నాయనా, వాటి కింద తిరిగే కడ్డీ! కడ్డీ ఊగుతుంటే నెత్తిన బంగారం పెట్టినా ఏం లాభం?"

"నేను చెప్పేదీ అదే కదా మేస్త్రీ! ఈ కొత్తదానికి ఆ ఊపుతో పనిలేదు. ఒకదానికొకటి తగలవు, అరగవు. అయస్కాంతం తిరుగుతుంది, నిప్పురవ్వ పడుతుంది. అంతే."

"అంతేనా? మరది చచ్చిన రోజున?"

"చావదు."

"చావని సరుకు మీ కొట్లో దొరుకుతుందన్నమాట. మా వీధిలో ముసలాళ్ళందర్నీ పంపిస్తా, తలా ఒకటి బిగించి పంపు."

ఎరిబెర్తో మేస్త్రీ, ఫాబ్రిసియో చెరోవైపు నుంచి బానెట్ కిందికి తలలు దూర్చి వాదించుకుంటున్నారు. బండి టార్హేలియాది. ఆమె షెడ్డు గోడవారన బోర్లించిన పాలక్యాను మీద కూర్చుని, ఒళ్ళో పొట్లం విప్పుకుని, వేయించిన బార్లీ పిండి చెంచాతో తింటోంది. ఇద్దరిలో ఎవరూ ఆమెను ఇంతవరకూ ఒక్క మాటా అడగలేదు.

"ఏమ్మా, నువ్వు చెప్పు," అని మేస్త్రీ చివరికి ఇటు తిరిగాడు. "డెబ్బై నాలుగులో ఈ ఇంజను చేసినవాడికి తెలీదా, దీనికేం కావాలో?"

"డెబ్బై నాలుగులో వాడు యానాపుంగో కొండమీది చలి ఎరగడు పెద్దమ్మా," అన్నాడు ఫాబ్రిసియో. అతను ఆమె చెల్లెలి కొడుకు. లతకుంగా పట్నంలో బస్టాండు వెనక బళ్ళ విడిభాగాలు, పురుగుమందు పంపులు అమ్ముతాడు.

టార్హేలియా నోట్లో పిండి మింగి, మూతి తుడుచుకుంది.

"నాకు తెలిసింది ఒక్కటే. ఈ నెలలో రెండుసార్లు పై ఊళ్ళో బండి స్టార్టు కాలేదు. రెండుసార్లూ పాలు వాపసొచ్చాయి. మూడోసారి అయితే పాలు ఆ విల్మెర్ పాలబండికి పోస్తామని ఆ ఊరి పెద్దావిడ ఒబ్దూలియమ్మ మొహం మీదే చెప్పేసింది. కడ్డీ బాగుచెయ్యాలంటే ఎన్నాళ్ళు మేస్త్రీ?"

"అంబాటోలో లేతు పని చేయించాలి. పది రోజులు."

"నీదిరా?"

"అరగంట," అన్నాడు ఫాబ్రిసియో.

ఆమె పొట్లం మూట కట్టింది. మేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పది రోజులు బండి ఆపడం ఆమె వల్లయ్యే పని కాదు. ముప్పై ఐదేళ్ళలో ఆమె వరసగా మూడు రోజులు ఆపింది రెండేసార్లు, రెండు కాన్పులకు. ఆ బండి వాళ్ళ నాన్న కొన్నది, హసియెందా దొరలు తమ ఎస్టేటులో పాత సామాన్లు అమ్మేసినప్పుడు. ఆయన మోకాళ్ళు పడిపోయేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఆడది తోలితే పాలు దారిలోనే విరుగుతాయని యానాపుంగో మగవాళ్ళు నవ్వారు. మొదటి నెల ఇద్దరు ముగ్గురు పాలు పొయ్యకుండా క్యాన్లు ఇంట్లోనే దాచుకున్నారు. తర్వాత వాళ్ళే తెల్లారకముందు గుమ్మంలో నిలబడి, హారన్ ఇంకా వినపడలేదేమిటా అని వీధి చివరికి చూడడం మొదలుపెట్టారు. భర్త రోసెందో గులాబీ తోటల్లో పూలు కత్తిరించే పనికి పోతాడు. ఐదింటికి అతను ఒక దిక్కుకి, ఆమె ఇంకో దిక్కుకి. ఇద్దరూ మళ్ళీ మొహాలు చూసుకునేది సాయంత్రం సూప్ దగ్గరే.

పాయింట్లు సరిచేయడం నాన్నే నేర్పాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, నల్లబడ్డ రెండు చిన్న బొడిపెలను గోళ్ళ ఆకురాయితో రెండుసార్లు గీకి, మధ్యన అగ్గిపెట్టె అట్టముక్క పెట్టి బిగించడమే. అట్ట జారీ జారకుండా ఉండాలి. ఆ పని ఆమె గుడ్డిచీకట్లో కూడా చేయగలదు. కానీ ఈ మూడు నెలలుగా సోమవారం సరిచేసింది బుధవారానికి తప్పుతోంది. మేస్త్రీ చెప్పింది నిజమే, కడ్డీ ఊగుతోంది.

ఫాబ్రిసియో అరగంట అన్నాడు గాని గంట పట్టింది. పాయింట్లు ఉన్నచోట వేలంత మందాన నల్లటి బిళ్ళ ఒకటి కూర్చుంది. దాన్నుంచి రెండు తీగలు, ఎర్రదొకటి నల్లదొకటి, బయటికొచ్చాయి. పెట్టెలో మడిచిన కాగితం ఉంటే అతను విప్పి చూశాడు.

"ఏం రాసుంది?"

"అంతా ఇంగ్లీషే పెద్దమ్మా. బొమ్మ ఉందిగా, బొమ్మ ప్రకారం పెట్టేశా." కాగితం మళ్ళీ మడిచి డాష్‌బోర్డు అరలో పడేశాడు. "కొట్టు సెల్ఫు!"

బండి ఒక్క దెబ్బకు అందుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు అలాగే అందుకుంది. యానాపుంగోలో గడ్డి మీద మంచు గట్టిపడి చెప్పుల కింద కరకరలాడే ఉదయాల్లో కూడా. ముప్పై ఒక్క ఇళ్ళ పాలు నింపుకుని, ఎనిమిదిన్నరకల్లా కింద పాలకేంద్రం గేటు దగ్గరుండేది. గేటు తొమ్మిదికి మూస్తారు. కేంద్రంలో కుర్రాడు చిన్న గ్లాసులో పాలూ ఆల్కహాలూ కలిపి వెలుతురుకి పెట్టి చూసి, గింజ కట్టలేదు, విరగలేదు అన్నట్టు తలాడించేవాడు. ఒబ్దూలియమ్మ ఒకరోజు ఆమెకు గుప్పెడు ఉడికిన చిక్కుడు గింజలు గుడ్డలో కట్టి ఇచ్చింది. ముసలావిడ ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వదు.

అయినా టార్హేలియాకు మనసులో ఏదో కుదురు లేదు. పాయింట్లు చెడే ముందు చెప్పేవి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఒక దగ్గు దగ్గేది, మర్నాడు రెండు దగ్గేది. ఆ దగ్గుల్ని బట్టి ఎప్పుడు మూత తీయాలో ఆమెకు తెలిసేది. నల్లబిళ్ళ ఏమీ చెప్పదు. ఆదివారాలు అలవాటుగా మూత తీసి లోపలికి చూసేది. చేయడానికి ఏమీ ఉండేది కాదు. మూసేసేది.

యానాపుంగో నుంచి కిందికి వచ్చేటప్పుడు, కొండ నెత్తిన సిలువ దగ్గర్నుంచి అడుగున వంతెన దాకా ఆరు కిలోమీటర్లు దిగుడు. ఆ దారిలో తిరిగే బళ్ళన్నీ సిలువ దగ్గర ఇంజను ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పడేసి, తాళం ఒకసారి కట్టేసి మళ్ళీ తిప్పి ఉంచుతారు. తిప్పి ఉంచకపోతే మలుపుల్లో హారన్ మోగదు, వెనక ఎర్రదీపం వెలగదు. వంతెన దగ్గర గేరులో వేసి క్లచ్ వదిలితే ఇంజను దానంతటదే అందుకుంటుంది. పెట్రోలు చుక్క ఖర్చు కాదు. నాన్న అలాగే దిగేవాడు. నాన్న పక్క సీట్లో కూర్చుని ఆమె మొట్టమొదట నేర్చుకున్నది అదే. స్టీరింగ్ పట్టుకోకముందే, సిలువ రాగానే తాళం తిప్పే పని ఆయన తనకిచ్చేవాడు.

నాలుగో వారం గురువారం, దిగుడు సగంలో కొండచరియ విరిగి పడింది. మట్టి తోసే యంత్రం ఒకటి పనిచేస్తోంది. జెండా పట్టుకున్న మనిషి బళ్ళను వరసగా ఆపాడు. పొగమంచు దట్టంగా కమ్మింది. వెనకొచ్చే వాడికి తన బండి కనపడదేమోనని టార్హేలియా దీపాలు మిణుకుమిణుకుమనేలా పెట్టి, తాళం అలాగే తిప్పి ఉంచి, చేతి బ్రేకు లాగి కూర్చుంది. ముప్పై ఐదు నిమిషాలు. జెండా దించగానే బ్రేకు వదిలింది. బండి జారుతూ వంతెన చేరింది. మూడో గేరులో వేసి క్లచ్ వదిలింది.

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

సెల్ఫు కొట్టింది. ఇంజను తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. దిగి బానెట్ ఎత్తింది. రెండు క్లిప్పులు తీసి డిస్ట్రిబ్యూటర్ మూత విప్పింది. ఆకురాయి అప్పటికే చేతిలోకి వచ్చి ఉంది. లోపల గీకడానికి ఏమీ లేదు. నున్నటి నల్లబిళ్ళ ఉంది, ఎక్కడా మచ్చ లేదు, విరగలేదు. ఆకురాయి పట్టుకుని ఆమె చాలాసేపు అలాగే వంగి నిలబడింది. వెనక నాలుగువందల ఇరవై లీటర్ల పాలు, అందులో మూడో వంతు నిన్న సాయంత్రం పితికినవి.

విల్మెర్ తన కొత్త డీజిలు బండిలో ఎదురొచ్చాడు. కింద పాలు దింపేసి వెనక్కి వస్తున్నాడు.

"ఏంటక్కా, మళ్ళీనా?"

"మళ్ళీనే. తాడుందా?"

"ఉంది. ముందే అడగాల్సింది, నా బండికి ఎప్పుడూ నీకోసం తాడు కట్టుకునే తిరిగేవాణ్ణి." అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. బండి తిప్పి, తాడు కట్టి, కేంద్రం దాకా లాక్కొచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. విల్మెర్ చెడ్డవాడైతే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

పదకొండయింది. ఎండెక్కింది. కుర్రాడు ముందు గేటు తీయనన్నాడు, తర్వాత జాలిపడి మూడు క్యాన్లలో పాలు గ్లాసులోకి తీశాడు. మూడూ గింజ కట్టాయి. అతను గ్లాసు ఆమెకు చూపించలేదు, కడిగేశాడు.

సాయంత్రం ఫాబ్రిసియో తలవంచుకుని ఇంటికొచ్చాడు. చేతిలో కొత్త పెట్టె ఉంది.

"సరుకు దోషం పెద్దమ్మా. వందలో ఒకటి అలా వస్తుందట. నా తప్పు. నీకిచ్చేముందు నేనే ఒకసారి నా బండికి పెట్టి చూడాల్సింది."

"ఎంతరా ఇది?"

"ఏం అడుగుతున్నావు? సిగ్గులేదా నాకు?"

అతను పాతది తీసి కొత్తది బిగించాడు. రోసెందో టార్చి పట్టుకున్నాడు. బండి మళ్ళీ ఒక్క దెబ్బకు అందుకుంది. ఫాబ్రిసియో మొహం కాస్త విప్పారింది. పాత బిళ్ళ సీటు మీద వదిలి, సూప్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం పై ఊళ్ళో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. సరుకు దోషమట అని తెలిసి అందరి కోపమూ ఫాబ్రిసియో మీదికి మళ్ళింది. "సొంత పెద్దమ్మకే నాసిరకం అంటగట్టినవాడు మనకేం అమ్ముంటాడో చూసుకోండి," అంది ఒకావిడ పాలు పోస్తూ. ఇంకొకాయన ఇంట్లోంచి పురుగుమందు పంపు తెచ్చి క్యాన్ల పక్కన పెట్టాడు. "ఇది వాడికి తిరిగిచ్చెయ్. డబ్బులు పంపమను." ఆమె పంపు ఎక్కించుకుంది.

తిరిగి వస్తూ మేస్త్రీ షెడ్డు దగ్గర ఆగింది. సీటు మీదున్న బిళ్ళ, అరలో ఉన్న కాగితం ఆయన ముందు పెట్టింది. మేస్త్రీ బిళ్ళ వాసన చూసి, వెనక్కి తిప్పి చూపించాడు. వెనకవైపు మైనంలాంటి పూత ఉబ్బి పగిలింది.

"ఉడికిపోయింది. ఇంజను తిరక్కుండా తాళం తిప్పి ఉంచావా ఎప్పుడైనా?"

ఆమె చేతిలో ఉన్న తాళంచెవి వైపు చూసుకుంది.

"సిలువ దగ్గర్నుంచి," అన్నాడు ఆయనే. కాగితం దూరంగా పట్టుకుని, వేలితో వెతికి, చదరపు గళ్ళో గీసిన ఒక బొమ్మ మీద ఆపాడు. తాళంచెవి బొమ్మ, దాని మీద అడ్డంగా రెండు గీతలు. "ఇంగ్లీషు రాకపోయినా ఇది తెలుస్తుంది. వాడు చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు. ఇన్నాళ్ళ దిగుడుకి కాస్త కాస్త కాలుతూ వచ్చింది, నిన్న ఆ మట్టి దగ్గర ఆగినంతసేపూ ఉడికింది. పాయింట్లయితే కాయిల్ వేడెక్కేది, అంతే, చల్లారితే సరిపోయేది. ఇది తట్టుకోదు."

"మరి సరుకు మంచిదేనా?"

 మేస్త్రీ బిళ్ళను బల్ల మీద పెట్టి, కొంచెం పక్కకి జరిపాడు.

"సరుక్కేం. నిక్షేపంగా ఉండేదే. అయినా అదెవరికి తెలియాలి? నేను ముందే చెప్పానని ఊరంతా అంటోంది. అననీ. వాడు కుర్రాడు, రెండు నెలల్లో అందరూ మర్చిపోతారు. నీకు పాలు పోసే ఇళ్ళు పోతే మళ్ళీ రావు."

"వాడు రెండోది ఊరికే ఇచ్చాడు మేస్త్రీ."

"ఇస్తాడు. పెద్దమ్మవి."

ఆయన ఈ మాట వెటకారంగా అనలేదు. అందుకే ఆమెకు ఇంకా ఇబ్బందిగా అనిపించి, కాగితం తీసుకుని లేచింది.

శనివారం తెల్లవారుజామున బయల్దేరేటప్పుడే అనుకుంది, ఇవాళ సిలువ దగ్గర తాళం ముట్టనని. పై ఊళ్ళో పాలు నింపుకుంటూ మళ్ళీ అనుకుంది. సిలువ కనబడగానే పైకే అంది, "ముట్టను." మొదటి మలుపు తిరిగింది. ముందర గొర్రెలు అడ్డొస్తే హారన్ కొట్టింది. కాపరి పిల్ల చెయ్యెత్తి నవ్వితే తానూ చెయ్యెత్తింది. రేపు పై ఊళ్ళో జరిగే మీటింగులో ఎవరేమంటారో, పురుగుమందు పంపు ఫాబ్రిసియోకి ఎలా ఇవ్వాలో ఆలోచిస్తూ మూడో మలుపు, నాలుగో మలుపు దాటింది. గాలి చప్పుడు బాగా వినబడుతోందే అనుకుంది. టైర్ల కింద గులకరాళ్ళు ఒక్కొక్కటీ చిట్లడం కూడా వినబడుతోంది.

ఇంజను లేదు. గేరు న్యూట్రల్‌లో ఉంది. తాళం తిప్పి ఉంది. సిలువ దగ్గర ఆపిందో, గొర్రెల తర్వాత ఆపిందో ఆమెకు గుర్తు రాలేదు.

గభాలున మూడో గేరులో వేసి క్లచ్ వదిలింది. ఇంజను అందుకుంది. దారి పక్కన ఆపి, స్టీరింగ్ మీద ఉన్న కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ కణుపుల దగ్గర నూనె మసి ఉంది. ఆ మసి ఎంత కడిగినా పోయేది కాదు. తొమ్మిదికి పది నిమిషాలుండగా గేటు చేరింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక యానాపుంగో ఊరుమ్మడి ఇంట్లో అందరూ చేరారు. బెంచీల మీద ఆడవాళ్ళు, గోడకానుకుని మగవాళ్ళు. టోపీ సర్దుకుంటూ ఒబ్దూలియమ్మ ముందు కూర్చుంది.

"రెండు సంగతులు," అంది. "ఒకటి, ఆ ఫాబ్రిసియో కొట్లో ఈ ఊరివాళ్ళెవ్వరూ ఇకమీదట మేకు కూడా కొనకూడదు. రెండు, టార్హేలియాకి ఇంకొక్క అవకాశం ఇద్దామని పెద్దలు అంటున్నారు. మోసపోయింది ఆమె, మోసం చేసింది కాదు కదా. చేతులెత్తండి."

చేతులు లేస్తున్నాయి. టార్హేలియా వెనక బెంచీ నుంచి లేచి నిలబడింది.

"వాడు మోసం చెయ్యలేదు."

"నీ చెల్లెలి కొడుకు కాబట్టి అంటావు," అన్నాడు పంపు ఇచ్చినాయన.

"కాదు. సరుకు మంచిది. దాన్ని నేను పాడుచేశాను. ఇంజను ఆపి తాళం తిప్పి ఉంచితే అది కాలిపోతుందట. కాగితంలో రాసుంది. సిలువ దగ్గర్నుంచి వంతెన దాకా రోజూ నేను తాళం తిప్పే ఉంచాను. మొన్న మట్టి తోస్తున్నంతసేపూ తిప్పే ఉంచాను. మీ పాలు పోయింది నా చేతి వల్ల."

ఎవరో ఒకావిడ "అమ్మో" అంది. ఒబ్దూలియమ్మ ఎత్తిన చెయ్యి దించింది.

"ఈ సంగతి నీకెప్పుడు తెలుసు?"

"శుక్రవారం."

"శుక్రవారం తెలిసి, శనివారం మా పాలు పోయించుకుని, ఒక్క ముక్క చెప్పలేదే! ఆ కుర్రాణ్ణి మేం తిడుతుంటే వింటూ కూర్చున్నావా?"

"విన్నాను."

"నోరు పడిపోయిందా?"

"పడిపోయింది ఒబ్దూలియమ్మా."

గోడ దగ్గరున్న మగవాళ్ళలో ఒకాయన, మంచివాడే, గొంతు సవరించుకున్నాడు. "సర్లే, అయిందేదో అయింది. ఇప్పుడు కారణం తెలిసిందిగా. దిగుడులో తాళం ముట్టకుండా ఇంజనుతోనే దిగు. పెట్రోలు కొంచెం ఎక్కువవుతుంది, మేం లీటరుకింత అని వేసుకుంటాం. ఏమంటారు?"

కొందరు అవునన్నట్టు తలలూపారు. విల్మెర్ లీటరుకి ఎక్కువ తీసుకుంటాడని అందరికీ తెలుసు.

"నిన్న అలాగే దిగుదామనుకున్నాను," అంది టార్హేలియా. "పైకి అనుకుని మరీ బయల్దేరాను. నాలుగో మలుపు దాటాక చూస్తే ఇంజను ఆపేసి ఉంది. నేనే ఆపాను. ఎప్పుడు ఆపానో నాకే తెలీదు."

"అలవాటు పడతావులే..."

"పడొచ్చు. పడేలోపు పోయేది ఎవరి పాలు?"

 పంపు ఇచ్చినాయన నేల చూపులు చూస్తున్నాడు. ఒబ్దూలియమ్మ శాలువా కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఈ ముప్పై ఒక్క ఇళ్ళవే టార్హేలియా బండిలో సగానికి పైగా పాలు. మిగతావి కొండ ఎక్కనక్కర్లేని, చదును దారి మీదున్న మూడు పల్లెలవి.

"ఏం చేద్దామంటావు మరి?" అంది ముసలావిడ. గొంతులో కోపం తగ్గింది, మెత్తదనం మాత్రం రాలేదు.

"రేపట్నుంచి మీ పాలు విల్మెర్‌కి పొయ్యండి. నిన్న సాయంత్రం అతనితో మాట్లాడాను, వస్తానన్నాడు. నేను కింది పల్లెలవి మోసుకుంటాను."